బీప్ బీప్ వెనక పేర్లు

మా బ్యాచ్ వాళ్లెవరినైనా నిద్రలో లేపి 'ముస్తఫా' అనండి, వెంటనే లేచి కూర్చుంటారు. బడి వదిలాక పుస్తకాల సంచీతోనే వీడియోగేమ్ షాపులో దూరి, రూపాయి బిళ్ల చేతిలో పట్టుకుని వంతు కోసం నిలబడ్డవాళ్లం మేము. ఆ ఆట అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. జపాన్‌కి చెందిన క్యాప్‌కామ్ కంపెనీ 1993లో తెచ్చింది. అందులో ముస్తఫా కైరో ఒక పాత్ర మాత్రమే. మనవాళ్లు మొత్తం ఆటకే అతని పేరు పెట్టేశారు.

ఈమధ్య ఆ పాత ఆటల్ని ఫోన్‌లో మళ్లీ ఆడుతున్నాను. వేళ్లు అన్నీ మరచిపోయాయి గానీ, చెవులు ఒక్కటీ మరచిపోలేదు. తర్వాత ఏ ట్యూన్ వస్తుందో ముందే నోటికొచ్చేస్తోంది. మా అమ్మాయి విని, "ఇది ఎవరు కట్టారు నాన్నా?" అని అడిగింది. ఇళయరాజా పాటో, రెహమాన్ పాటో అయితే పల్లవి పూర్తికాకముందే చెప్పేవాడిని. దీనికి జవాబు లేకపోయింది. ఆ జవాబు వెతుక్కుంటూ పోతే తెలిసిన సంగతులే ఇవి.

1978లో వచ్చిన 'స్పేస్ ఇన్వేడర్స్'లో ఉన్న సంగీతం నాలుగే నాలుగు స్వరాలు. దిగుతూ దిగుతూ మళ్లీ మొదటికొస్తాయి. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు వేగంగా కదులుతారు, దాంతోపాటు ఆ నాలుగు స్వరాలూ పరుగందుకుంటాయి, మన గుండె కూడా. తెర మీద బొమ్మలు తగ్గితే యంత్రానికి పని తగ్గుతుంది, మిగిలినవి త్వరగా గీయగలుగుతుంది. ఆ వేగానికి మూలం అదే. యంత్రం చేతకానితనమే ఆటకు రసం పోసిందన్నమాట.

1983లో నింటెండో కంపెనీ ఫామికామ్ అనే యంత్రాన్ని జపాన్‌లో విడుదల చేసింది. మనం ఇళ్లలో టీవీకి తగిలించి, కేసెట్లు మార్చి మార్చి ఆడిన 'టీవీ గేమ్'లు చాలావరకు దానికి నకళ్లే. అందులోని చిప్‌కి ఉన్న గొంతులు ఐదు. రెండు రాగం పాడతాయి. ఒకటి కింది శ్రుతిలో తోడుంటుంది. ఒకటి బుస్సుమనే చప్పుడు చేస్తుంది, డప్పూ తాళమూ అదే. ఐదోది రికార్డు చేసిన చిన్న శబ్దం వినిపిస్తుంది. ఆటలోని గెంతులకీ దెబ్బలకీ శబ్దాలు కూడా వీటినుంచే రావాలి. అంటే ఒక శబ్దం మోగినంతసేపూ పాటలో ఒక గొంతు ఆగిపోతుంది. పాట తెగినట్టు వినేవాడికి అనిపించకూడదు. ఈ ఇరుకులో కూర్చుని కట్టిన సంగీతం అది.

1985లో 'సూపర్ మారియో'కి కోజి కొండో కట్టిన బాణీలు ఈ పద్ధతికి పాఠం లాంటివి. ఆట మొత్తం నలభై కిలోబైట్లు. ఈ రోజు ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అందులోనే నేల మీద ఒక పాట, సొరంగంలో ఒక పాట, నీళ్లలో ఒక పాట. గడువు దగ్గర పడితే అదే పాట జోరందుకుంటుంది. పరీక్ష హాల్లో చివరి పది నిమిషాల గంట కొట్టినప్పుడు మనకి కలిగే కంగారు అచ్చంగా అదే.

తిరునాళ్లలో కొనుక్కున్న బ్రిక్ గేమ్ గుర్తుందా? దానికి మూలం రష్యాలో పుట్టిన 'టెట్రిస్'. 1989లో అది నింటెండో గేమ్‌బాయ్ మీదికి వచ్చినప్పుడు, హిరోకజు తనాకా దానికి ఒక రష్యన్ జానపదం బాణీని అమర్చారు. ఊరూరా తిరిగి సరుకులమ్మే చిరువర్తకుల పాట అది. ఆ జనపదాల బాణీ చివరికి ప్రపంచమంతా పిల్లల నోళ్లలో నలిగింది.

ఇక పేర్ల సంగతి. 1986 నాటి 'కాజిల్‌వేనియా' సంగీతంలో ముఖ్యమైన చేయి కినుయో యమషిత అనే యువతిది. ఆట చివర మాత్రం ఆమె పేరు 'జేమ్స్ బనానా' అని పడుతుంది. ఆ రోజుల్లో చాలా కంపెనీలు మారుపేర్లే వేసేవి. అసలు పేర్లు తెలిస్తే పోటీవాళ్లు మనుషుల్ని ఎగరేసుకుపోతారన్న భయం ఒక కారణమంటారు. 1991లో మనం గొంతు చించుకుని ఆడిన 'స్ట్రీట్ ఫైటర్ 2' బాణీల్లో చాలావరకు కట్టింది యోకో షిమొమురా. పియానో చదువుకుని, పియానో నేర్పే ఉద్యోగం చేతికందినా కాదని ఈ దారిలోకి వచ్చారు. మా షాపులో అందరం మగపిల్లలమే. 'ఇది మగపిల్లల ఆట' అనుకుంటూ ఆడిన ఆ ఆటకు ప్రాణం పోసింది ఒక స్త్రీ అని మాలో ఒక్కడికీ తెలియదు.

ఆలస్యంగానైనా గౌరవం దక్కింది. 2021లో టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో క్రీడాకారులు నడిచి వచ్చింది వీడియోగేమ్ సంగీతానికే. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచవలసిన రికార్డింగుల జాబితాలో కొండో మారియో బాణీని చేర్చింది. ఆ జాబితాకెక్కిన తొలి వీడియోగేమ్ సంగీతం అదే.

ఇదంతా మన సంచికలో ఎందుకంటారా? మా అమ్మాయికి జవాబు చెప్పాక నాకు ఇంకో ప్రశ్న మిగిలింది. మన బడి వార్షికోత్సవంలో ఏటా పాడిన స్వాగతగీతం మా బ్యాచ్‌లో అందరికీ ఇప్పటికీ వచ్చు. దాని బాణీ ఎవరిది? నా దగ్గర దాచుకున్న రెండు కార్యక్రమ పత్రాల్లోనూ ముఖ్య అతిథుల పేర్లున్నాయి, దాతల పేర్లున్నాయి. పాట కట్టినవారి పేరు లేదు, హార్మోనియం వాయించినవారి పేరు లేదు.

యాభై ఏళ్ల పండుగకు పాత మాస్టార్లు, మన సీనియర్లు చాలామంది వస్తున్నారు. మీలో ఎవరికైనా తెలిసే ఉంటుంది. ఆ రోజు సభలో నన్ను పట్టుకుని చెప్పండి, రాసుకుంటాను. ఈసారి పాట పాడే ముందు ఆ పేరు మైకులో చదువుదాం.