అట్లాసు హిమగిరులు, మొరాకో చరిత్ర

మన కోలారు బంగారు గనులలో చాంపియన్ రీఫ్ గని భూగర్భములోనికి సుమారు 3,200 మీటర్లు దిగినదని మాలూరులో రైలెక్కి మారికుప్పము పోయివచ్చిన మనవారు వినియుందురు. ఇంచుమించు అంతే యెత్తున, సముద్రమట్టమునకు 3,207 మీటర్లపైన, నేను స్థిరపడిన యీ మొరాకో దేశమున, అట్లాసు పర్వతములలోని తూబ్కాల్ శిఖర మెక్కువారు రాత్రి తలదాచుకొను రాతికట్టడ మొకటి కలదు. 1938లో ఫ్రెంచి ఆల్పైన్ క్లబ్బువారు నెలకొల్పిన ఆ బసచుట్టును మాఘమాసమున మంచు దట్టముగా పేరుకొనియుండును. ఆఫ్రికాలో మంచేమిటని మా మాలూరువారు నన్నడుగుచుందురు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పబూనిన యెడల ఈ దేశచరిత్రయే చెప్పవలసివచ్చును.

మరాకేషు నగరమునకు దక్షిణమున 1,740 మీటర్ల యెత్తున నున్న ఇమ్లీల్ గ్రామమునుండి ఆ శిఖరమునకు దారి మొదలగును. అక్రోటు చెట్లు ఆకురాల్చియుండగా, మట్టిమిద్దెలు కారకుండుటకై ఇంటివారు తెల్లవారకమునుపే పైకెక్కి మంచును పారలతో త్రోసివేయుదురు. సామాను మోయు కంచరగాడిదలు మంచు మొదలగుచోటనే నిలిచిపోవును; అటుపిమ్మట మూటలు మనుష్యుల వీపులకెక్కును. త్రోవలో సీదీ షమ్‌హరూష్ అను పుణ్యస్థలముండును. తెల్లసున్నము పూసిన పెనుబండయే దాని గుర్తు. బూట్లకు క్రాంపానులనెడి ఉక్కుముళ్లు బిగించునపుడు మా మార్గదర్శి ప్రతిపట్టీని తానే లాగిచూచి, పాదమును చదునుగా ఒక్కమారుగా మోపవలెననియు, కాళ్లు దగ్గరగా వేసినచో ఒక కాలి ముల్లు రెండవకాలి పట్టీకి తగులుకొని మనిషి లోయలోనికి జారుననియు నేర్పెను. సూర్యోదయమునకు పూర్వమే బయలుదేరవలెను. ఎండ కాసినకొలది గట్టిమంచు మెత్తబడి అడుగు దిగబడును.

ఈ శిఖరములకు పశ్చిమమున న్‌ఫీస్ లోయలో తిన్‌మల్ అను కుగ్రామమున్నది. పండ్రెండవ శతాబ్దిలో, మరాకేషును కట్టి యేలుచున్న అల్మోరావిదులపై ధర్మవిప్లవమును ప్రకటించిన ఇబ్న్ తూమర్త్, మస్మూదా గిరిజనులను కూడగట్టుకొని ఈ లోయనే తన కోటగా చేసికొనెను. ఆయన 1130లో గతించినను, శిష్యుడైన అబ్ద్ అల్ మూమిన్ 1147లో మరాకేషును జయించి, స్పెయిను దక్షిణభాగమునుండి ట్రిపోలీ వరకు వ్యాపించిన అల్మొహాదు సామ్రాజ్యమును నిర్మించెను. మరాకేషులోని కుతూబియా మినారును, సెవిల్ నగరమందలి హిరాల్డాను కట్టించిన రాజ్యము ఈ మంచులోయనుండి దిగివచ్చినదే!

తరువాతి సుల్తానుల కాలమున శిస్తు చెల్లించు మైదానములను మఖ్జన్ భూములనియు, చెల్లింపని కొండలను సీబా భూములనియు వ్యవహరించిరి. 1912లో ఫ్రెంచివారు సంరక్షకరాజ్యమును స్థాపించినను, కొండజాతుల ప్రతిఘటన నణచుటకు 1934 వరకును యుద్ధము సాగింపవలసివచ్చెను. 1956లో దేశము స్వతంత్రమాయెను. ఫ్రెంచివారి కాలముననే, 1923 జూన్ 12న సెగోంజాక్ ప్రభువు మరి యిద్దరితో తూబ్కాల్ నెక్కుటను గ్రంథములు ప్రథమారోహణముగా పేర్కొనును. అంతకు ఎన్నోతరముల పూర్వమునుండి ఆ పొరుగు పచ్చికలలో మందలను మేపిన అమాజీగ్ జనులకు ఆ గ్రంథములలో పేరు లేకపోవుట నాకు మిక్కిలి బాధాకరముగ నున్నది. వారి భాషకు రాజ్యాంగమున అధికారస్థానము లభించుట 2011లో మాత్రమే.

4,167 మీటర్ల శిఖరాగ్రమున ఇనుపకమ్ముల గోపుర మొకటి నిలిచియుండును. అచ్చటినుండి ఉత్తరముగ చూచినపుడు మరాకేషు మైదానమంతయు ఈ కొండల మంచునీటిపై బ్రదుకుచున్నదని కన్నులకు కట్టినట్లు తెలియును.

2023 సెప్టెంబరు 8 రాత్రి సంభవించిన భూకంపమున ఈ ప్రాంతమున దాదాపు 3,000 మంది మరణించిరి. తిన్‌మల్ గ్రామమందలి అల్మొహాదుల నాటి మసీదు చాలవరకు కూలిపోయెను. మాలూరునుండి ఎవరైన ఇటు వచ్చినచో, మరాకేషు అంగళ్లకు పోకమునుపే వారిని ఆ లోయకు నేనే తోడ్కొనిపోయెదను.