మర్యాద: గట్టున బుట్టిన మాట

మర్యాద యను మాటకు వినయోపచారములను అర్థము రాజాస్థానములనుండియే సంక్రమించినదని మన భాషాచరిత్రకారులలో కొందఱు తీర్మానించి, కర్టసీ యను ఆంగ్లపదము రాజుల కోర్టునుండియు, నాగరికత నగరమునుండియు బుట్టుటను సాక్ష్యముగా జూపి, అంతటితో విచారణ ముగించిరి. అనకాపల్లి చుట్టుపట్ల చెఱకుతోటల గట్లపై రైతుల మాటలు వినుచు దిరిగిన నాకు ఈ తీర్పు ఎన్నడును రుచింపలేదు. ఏలయన, అచ్చట ఈ మాట పెండ్లిపందిరిలోకంటె గట్టు తగవులోనే బిగ్గరగా వినబడును. "మరియాదగా గట్టు దిగు" అనువాని నోట వినయము లేశమైనను లేదు. ఇది హద్దు, దాటితివేని ఊరకుండనను హెచ్చరికయే యున్నది.

ఈ హెచ్చరికలోని హద్దే పదమునకు మూలార్థము. పాణిని ఆఙ్ అను అవ్యయమునకు అర్థము చెప్పుచు మర్యాద నెల్లగానే గ్రహించెను. యాస్కుడు దీనిని మర్యులచే, అనగా మనుష్యులచే, గైకొనబడునదిగా నిర్వచించెను. యాజ్ఞవల్క్యస్మృతి సీమావివాదప్రకరణమునందు మర్యాదను భేదించుటయు, సీమను అతిక్రమించుటయు వేర్వేఱు నేరములుగా బరిగణింపబడగా, ఆ భేదమును విప్పిచెప్పిన మితాక్షరాకర్త విజ్ఞానేశ్వరుడు పెక్కు క్షేత్రములను వేఱుపఱచు సాధారణభూమియే మర్యాద యని వ్రాసెను. సాధారణభూమి యనగా నేమి? ఇరువురదియు నైనది, ఏ యొక్కరిదియు గానిది, ఇరువురును గాపాడవలసినది. మన రైతు గట్టునకు ఇంతకంటె జక్కని లక్షణము ఏ కోశమునందును లేదు. పరునియెడ మెలగవలసిన తీరునకును ఇదియే లక్షణము. ఈ ధర్మశాస్త్రము పండితుల యిండ్లలోనే నిలిచిపోలేదు. పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను.

ఆస్థానవాదులను నేనడుగునది యొక్కటే. కొలువుకూటముల వైభవమే ఈ అర్థమును బుట్టించినచో, ఢిల్లీ, ఆగ్రా దర్బారుల నీడన బెరిగిన హిందీలో అది మొదట గనబడవలెను గదా! అచ్చట మర్యాద నేటికిని కట్టుబాటుగనే నిలిచియుండగా, అతిథికి జేయు సత్కారమును ఖాతిర్ అనియు, ఆదర్ అనియు వ్యవహరించుచున్నారు. తమిళుల మరియాదై, కన్నడుల మర్యాదె, మన మర్యాద మాత్రము ఎదుటివానికి జూపు గౌరవమైనవి. చెఱువు క్రింద సేద్యమే జీవనమైన ఈ దక్షిణదేశమున ఒకని మడిమీదుగానే వేఱొకని మడికి నీరు పాఱవలసియుండును; కనుక హద్దును మన్నించుట, పొరుగువానిని మన్నించుట యను రెండు పనులు ఇచ్చట ఒక్కటియే యయ్యెను. మా శారదానది పొంగి గట్లు తెగిన పిమ్మట ఇరుగుపొరుగు రైతులు కలసి హద్దు నిలుపుకొను చోట నిలిచి చూచినవారికి ఇందు సంశయముండదు.

మర్యాద రామన్న పేరును జూడుడు. జనులకాతడు తగవులు దీర్చిన న్యాయనిర్ణేతగా దెలియును గాని అతిథిపూజకుడుగా గాదు. ఆ బిరుదమునందలి మర్యాద హద్దే, పొలము మీది హద్దే యని నా నిశ్చయము.

రాజమర్యాదలు, ఆలయమర్యాదలు అను సమాసములు లేకపోలేదు గాని, అవియు ఎవరికి ముందు, ఎవరికి పిదప అను హద్దులనే తెలుపును.

కావున తెలుగువాని సౌజన్యము కోటలలో నేర్చినది గాదు, పొలములో బండించుకొన్నది. మా ప్రాంతమున గారును గోరని పలుకు సేద్యగాని నోట "బాబుగోరు" అను పిలుపు వినునప్పుడు మోటదనమని నవ్వువారు, ఈ మర్యాదకు మొదటి హక్కుదారు అతడేయని గుర్తింపవలెను. ఇకముందు నిఘంటువులు కూర్చువారు ఈ పదమున కర్థములు వ్రాయునపుడు పొలపుగట్టును మొదట నుంచి, ఉపచారమును దాని వెనుక నుంచవలసినదిగా నా ప్రార్థన.