త్రాగుటలో మూడు తెరగులు

ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా నేర్పడినది. పట్టుమని పదునాలుగు మాసములు గడవకమునుపే, 1954 నవంబరులో, మద్యనిషేధమును గూర్చిన వివాదమున ప్రకాశంపంతులుగారి మంత్రివర్గము ఒక్క వోటు తేడాతో పడిపోయెను. నిషేధ ముండవలెనా, తొలగవలెనా యనునదే నాటి తగవు. త్రాగువారందరు నొక్కతీరువారేనా యను ప్రశ్నము ఆ సందడిలో మరుగుపడినది.

ఈ తగవు సీమకు క్రొత్తది కాదు. రాజాజీగారి ప్రభుత్వము 1937లో సేలము జిల్లాలో మద్యనిషేధము నారంభించి, మరుసటియేడు కడప, చిత్తూరు జిల్లాలకు విస్తరింపజేసినది. అబ్కారీ రాబడి తగ్గిన లోటు పూడ్చుటకు 1939లో అమ్మకపు పన్ను వచ్చినది. త్రాగనివారును ఆ భారమున పాలుపంచుకొనిరన్నమాట. యుద్ధకాలమున నిలిచిపోయిన నిషేధము మరల వచ్చి, 1948 నాటికి చెన్నరాజధాని యంతటను వ్యాపించెను. శాసనదృష్టికి ఈతకల్లు ముంత పట్టిన ప్రతివాడును నేరస్థుడే.

గృహిణుల దృష్టి యంత మోటుది కాదు. జాతరనాడు ముంతెడు త్రాగి మరునాడు నాగలి పట్టువానిని వారెరుగుదురు. అది వాడుక, అదియు నిరపాయమని వైద్యులు చెప్పరు. బండలగనిలో వారమెల్ల చెమటోడ్చి తెచ్చిన కూలి దుకాణమున బోసి, ఇంటి బిందెలు కుదువబెట్టి, ఆలిని గొట్టువానిది దుర్వినియోగము. ఇతనికి పెద్దల చీవాట్లు, పోలీసు భయము కొంతవరకు పనిచేయవచ్చును. మూడవవాని సంగతి వేరు. తెల్లవారగనే చేతులు వణకును, చెమటలు పట్టును. గుక్కెడు పడినగాని ముద్ద నోటికి బోదు. వాడు త్రాగునది సంతోషమునకు గాదు, వణకు మాన్పుకొనుటకు. మానవలెనని ఒట్టు పెట్టుకొనును, మానలేడు. ఇదియే వ్యసనము. ఇట్టివానిని సంస్కారోత్సాహముతో గదిలో బెట్టి గొళ్లెము వేసినచో రెండుమూడు దినములలో మూర్ఛలు, మతిభ్రమణము గలుగవచ్చును, ప్రాణమే పోవచ్చును. వానికి గావలసినది వైద్యుడు.

ఈ భేదమును పెద్దలు బొత్తిగా నెరుగరని కాదు. 1893–94లో గంజాయిని గూర్చి విచారించిన ప్రభుత్వసంఘము మితముగా వాడుటను, అతిగా వాడుటను వేరుచేసియే తన యభిప్రాయము చెప్పినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు 1964లో వ్యసనమను మాటకు బదులుగా పరాధీనత యను మాటను సూచించిరి. నాకు చూడ దీనిలో నింద తక్కువ. 2013లో అమెరికా మనోవైద్యులు దుర్వినియోగమునకును పరాధీనతకును నడుమనున్న గోడ తీసివేసి, ఒకే వ్యాధికి తీవ్రతనుబట్టి మెట్లేర్పరచిరి. జాతరముంత త్రాగిన మనిషి యేనాడు ఏ మెట్టునకు జారెనో ఇంటివారికే తెలియదు గదా!

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన సారావ్యతిరేకోద్యమము ఆంధ్రప్రదేశమంతట బ్రాకినది. 1993లో సారాయియు, 1995 జనవరిలో సమస్తమద్యమును నిషేధింపబడెను. దెబ్బలు తిన్న స్త్రీకి, కొట్టినవాడు రెండవ తెరగువాడా, మూడవ తెరగువాడా యని తర్కించు తీరిక యెక్కడిది? దుకాణము మూయుమని వారడుగుట న్యాయమే. 1997లో నిషేధము సడలి దుకాణములు మరల తెరువబడినవి. ఖజానాకు రాబడియు మరల వచ్చినది.