పనికి పీట

ఒక సంఘము దేనిని మన్నించునో తెలిసికొనవలెనన్న, అది దేనికి పీట వేయుచున్నదో చూడవలెను. మన యిండ్లలో దేవునికి పీట కలదు; పెండ్లికి పీట కలదు; అతిథికి పీట కలదు; వ్రాతకు మేజాబల్ల కలదు. చేతిపనికి మాత్రము చోటు లేదు. తలుపు గడియ ఊడినను, మంచపుకోడు విరిగినను, చదువుకొన్న గృహస్థుడు వడ్రంగికి కబురంపి, అతడు వచ్చుదాక చేతులు కట్టుకొని కూర్చుండును. అతడు వచ్చి వసారాలో నేలమీద పని చేయుచుండగా, తాను కుర్చీలోనుండి కూలి బేరమాడును. ఈ దృశ్యము మనకు వింతగా తోచదు. తోచకుండుటయే ఆలోచింపదగిన విషయము.

వడ్రంగి పని చేయు బల్ల చూచుటకు మోటువస్తువు. నాలుగు కాళ్ళు, ఒక దళసరి పలక, అంతియే. అయినను కృష్ణానది సముద్రమును చేరు ఈ ప్రాంతమున, అనగా బందరు, గుడివాడ, దివిసీమలలో, ఆ బల్ల యెవరి యొద్ద నుండెను, ఎవరి యొద్ద లేకుండెను, ఎప్పుడు బడిలో ప్రవేశించెను అని విచారించినచో, మన విద్యకును మన చేతికిని నడుమ పడిన అగాధము కొంత తెలియగలదు.

ప్రాచీన కాలమున ఈ అగాధము ఇంత లోతుగా లేదు. అథర్వవేదమున రథకారులును, లోహకారులగు కర్మారులును బుద్ధిశాలురుగా పేర్కొనబడిరి. శ్రౌతకర్మలలో రథకారునకు వర్షర్తువున అగ్న్యాధానము విధింపబడినది. ఈ రథకారుడు త్రైవర్ణికుడా, కాడా యని జైమిని మీమాంసాసూత్రముల ఆఱవ యధ్యాయమున ఒక అధికరణమే కలదు. అతడు త్రైవర్ణికుడు కాకపోయినను విధివాక్యమే అతనికి అధికారమిచ్చుచున్నదని అచ్చటి సిద్ధాంతము. అనగా కొయ్య చెక్కిన చేతికి అగ్నిని నిలుపు హక్కు కలదని శాస్త్రమే యొప్పుకొన్నది. అమరసింహుడు నిఘంటువు రచించునాటికి తక్ష, వర్ధకి, త్వష్ట, రథకారుడు అను పేరులు శూద్రవర్గమున చేరినవి. పేరులలో గౌరవము చెడలేదు. త్వష్ట యనగా దేవశిల్పియే గదా! చోటు మాత్రము మారినది. శాస్త్రమును చదువువాడు ఒకడును, కొయ్యను చెక్కువాడు మఱియొకడును అయినప్పుడు, మొదటివానికి పనితనము తెలియకపోయెను. రెండవవానికి అక్షరము అందకపోయెను. నష్టము ఇరువురిదియు.

మన వడ్రంగికి పూర్వము బల్ల లేకుండుట చూచి అతనిని అనాగరికుడనుట తొందరపాటు. అతనికి దేహమే బల్ల. కాలివ్రేళ్ళతో పలకను అదిమిపట్టును, మడమతో నొక్కును, మోకాటితో నిలుపును, నేలలో దిగిన మొద్దుమీద బాడిసెతో చెక్కును. బాడిస, ఉలులు, రంపము, తోపడ, బరమా, మూలమట్టము, ఇవన్నియు ఒక్క సంచిలో ఇముడును. నాగలి విరిగిన పొలమునకు, ఇరుసు చెడిన బండి యొద్దకు, రథము కట్టు గుడి ముంగిటికి అతడే నడిచిపోవలెను. కళ్ళములో ధాన్యరూపమున అతనికి మేర ముట్టెడిది. పనివాడే పని యొద్దకు పోవు దేశమున బరువైన బల్ల యేల? జపానుదేశపు వడ్రంగులును క్రింద కూర్చుండి, తోపడను తమవైపునకు లాగుకొని నునుపు చేయుదురు. వారి దేవాలయములను చూచినవారెవ్వరును వారి పనితనమును శంకింపరు.

ఈ తీరమునందే మఱి రెండు ఉదాహరణములు కలవు. కోరమండల తీరపు మసూలా పడవలు ఇనుప మేకు లేకుండ పలకలను కొబ్బరినారత్రాటితో కుట్టి చేసినవి. మేకు కొట్టిన పడవ అలతాకిడికి పగులునట్టి ఒడ్డున, కుట్టిన పడవ వంగి నిలిచెడిది. దానికి ఇసుకతిన్నెయే కార్ఖానా. ఇక బందరు సమీపమున నున్న పెడనలో కలంకారీ అద్దకమును చూడుడు. టేకుకొయ్యపై చెక్కిన అచ్చును రంగులో ముంచి బట్టపై అద్దుటకు ఒక బల్ల కావలెను. అది అడుగున కదలనిదై యుండవలెను. పైన గోనెయు బట్టయు పొరలు పొరలుగా పఱచి మెత్తగా నుండవలెను. అడుగు కదలినచో అచ్చుకు అచ్చు కలియదు. పైభాగము కఠినమైనచో రంగు సమముగా దిగదు. కాబట్టి మనవారికి బల్ల తెలియక కాదు. ఏ పనికి ఏ పీట కావలెనో, ఆ పనిచేయువారికి చక్కగా తెలియును.

పడమటి దేశములలో వడ్రంగిబల్ల చాల పాతది. 79వ సంవత్సరమున వెసూవియస్ అగ్నిపర్వతము కప్పివేసిన హెర్క్యులేనియము నగరపు గోడచిత్రమొకటి, రెక్కలుగల బాలురు బల్లమీద కొయ్యను బిగించి రంపము లాగుచున్నట్లు చూపుచున్నది. జర్మనీలోని సాల్‌బర్గ్ రోమనుకోట బావులలో అట్టి బల్లలే దొరకినవి. అవి పొట్టివి, మన పీటలకు బంధువులు. కాలక్రమమున అచ్చటి వడ్రంగి లేచి నిలిచెను. రెండుచేతులతో పట్టు పెద్ద తోపడను ఒంటిబరువంతయు మోపి ముందునకు త్రోయుట అలవాటయ్యెను. అట్టి త్రోపునకు పొట్టిపీట చాలదు. 1769 మొదలు 1774 వఱకు తన మహాగ్రంథమును ప్రకటించిన రూబో అను ఫ్రెంచి వడ్రంగి, బల్లపలక ఐదాఱంగుళముల దళసరి యుండవలెనని వ్రాసెను. గ్రంథకర్త స్వయముగా వడ్రంగి యనుట గమనింపుడు. అతని చేతిలో ఉలియు కలమును కలిసియున్నవి. మన తక్షులలో నిపుణులకు కొఱత లేదు. వారి చేతికి కలమునిచ్చిన సంఘము మాత్రము లేకపోయెను.

ఈ రెండు పద్ధతులును మన తీరమునకు చేరువనే కలిసికొన్నవి. 17వ శతాబ్దారంభమున డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును, 1669లో ఫ్రెంచివారును బందరులో వర్తకశాలలు స్థాపించిరి. ఓడలు వచ్చిన చోట ఓడల మరమ్మతు తప్పదు. 1669కిని 1679కిని నడుమ ఈ సముద్రతీరములను చూచిన తామస్ బౌరీ అను ఆంగ్లనావికుడు, గోదావరి ముఖమున నున్న నరసాపుర ప్రాంతమున ఓడలు కట్టు నేర్పరులును, మంచి కలపయు కలవని వ్రాసియుంచెను. పరదేశీయుల ఓడలకు పక్కటెముకలు పేర్చిన చేతులు తెలుగుచేతులే. కాని ఆ నేర్పు వర్తకుల లెక్కలలో ఖర్చుపద్దుగా నిలిచినదే కాని, మన పాఠశాలలలో విద్యగా నిలువలేదు.

తరువాతి ఘట్టము కాలువలది. 1852లో ప్రారంభమై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట కెప్టెన్ ఆర్ పర్యవేక్షణమున నిర్మితమయ్యెను. అంతకుముందు గోదావరి ఆనకట్టకై ధవళేశ్వరమున కార్ఖానాలు వెలసియుండెను. లాకుల తలుపులు, పడవలు, వంతెనల దూలములు, అన్నియు కొయ్యపనియే. 1908లో బెజవాడనుండి గుడివాడ మీదుగా బందరునకు రైలు వచ్చెను. ఇట్లు బరువైన బల్లయు, దానికి తగిలించిన ఇనుపవైసును మన జిల్లాలకు పరిచితమయ్యెను. కాని అవి ప్రభుత్వపు కార్ఖానాలో నుండెను. అదే కాలమున 1843లో రాబర్ట్ నోబిల్ బందరున స్థాపించిన ఆంగ్లపాఠశాల, ఆ మార్గమున వెలసిన ఇతర పాఠశాలలును, ఉపాధ్యాయులను, గుమాస్తాలను, వకీళ్ళను తయారు చేసినవి. వారివలన దేశమునకు మేలు కలుగలేదనరాదు. సంస్కరణభావములు పెక్కు ఆ బడులలోనే మొలకెత్తినవి. అయినను కార్ఖానాలోని బల్లకును బడిలోని బల్లకును మాటలే లేకపోయెను. ఒక బల్లపై వ్రాతయు, వేఱొక బల్లపై చేతయు నుండుటచే పాతజాతిభేదమే క్రొత్తవేషమున వచ్చెను.

ఆ రెండు బల్లలను ఒక కప్పు క్రింద చేర్చిన గౌరవము బందరునకే దక్కినది. 1907లో బిపినచంద్రపాలుడు ఆంధ్రదేశమున సంచరించి స్వదేశీభావమును రగిల్చిన పిమ్మట, 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఆంధ్రజాతీయకళాశాలను నెలకొల్పిరి. హనుమంతరావుగారు న్యాయశాస్త్రపట్టము నందియు, 1922లో కాలధర్మము నొందువఱకు జీవితమును దానికే ధారపోసిరి. అచ్చట సాహిత్యముతోపాటు వడ్రంగము, నేత, చిత్రలేఖనము మున్నగునవి విద్యలుగా బోధింపబడెను. బ్రాహ్మణబాలుడు తోపడ పట్టుట ఆనాడు చిన్నమాట కాదు. ఉలి పట్టిన చేయి మైలపడదని ఉపన్యాసమిచ్చుట సులభము. బాలుని చేతికి ఉలినిచ్చి, బల్లముందు నిలిపి, పలక సమమగువఱకు వదలకుండుట కష్టము. ఆ కష్టమును వారు చేసిరి.

ఇది మన దేశమున మాత్రమే పుట్టిన ఆలోచన కాదు. ఫిన్‌లండు 1866లోనే చేతిపనిని ప్రజాపాఠశాలలలో చేర్చినది. స్వీడనులో ఆటో సాలొమన్ నాస్ గ్రామమున ఉపాధ్యాయులకే వడ్రంగము నేర్పెను. వారి యుద్దేశము బాలురను వడ్రంగులను చేయుట కాదు. కన్ను, చేయి, బుద్ధి కలిసి పనిచేయు మనుష్యులను చేయుట. గాంధీమహాత్ముడు 1937లో వార్ధాలో ప్రతిపాదించిన విద్యావిధానమునకు చేతివృత్తియే కేంద్రము. బందరువారి ప్రయత్నము దానికి ఇరువదియేడేండ్లు ముందు. అయినను ఈ విద్య దేశమంతట వ్రేళ్ళూనలేదు. ఉద్యోగము పరీక్షతో ముడిపడియుండెను. పరీక్ష కాగితముతో ముడిపడియుండెను. తల్లిదండ్రులును కాగితమునే కోరిరి. బల్ల ఓడిపోలేదు, మనమే దానిని వదలితిమి.

ఇప్పుడు ఆ బల్లను ఇంటిలోనికి తెచ్చికొను అవకాశము కలిగినది. గుడివాడలోనేమి, బందరులోనేమి, క్రొత్తగా కట్టు ఇండ్లకు కారు నిలుపు షెడ్డు సామాన్యమైనది. అందొక గోడప్రక్క ఆఱడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చోటు పనికి కేటాయించుట భారము కాదు. అయితే బల్లను ఎన్నుకొనుటలో మెలకువ వలయును. అంగడిలో అమ్ము సన్నని రేకుకాళ్ళ బల్ల బరువును మోయగలదు, త్రోపునకు నిలువలేదు. తోపడపట్టు వేళ బలము పైనుండి క్రిందికి కాక, ముఖ్యముగా ప్రక్కకు పోవును. ఆ త్రోపునకు కాళ్ళు ఒరగకుండుటకై, నాలుగంగుళముల చదరపు కాళ్ళను క్రింది భాగమున అడ్డుకమ్ములతో కలుపవలెను. మేకులతో కాక, బెజ్జమున కుసి దూర్చి చీలతో బిగింపవలెను. ఊపునకు మేకు నానాటికి వదులగును. చీలను మాత్రము మరల ఒక దెబ్బ కొట్టిన బిగియును. పలక మూడంగుళములకు తక్కువ కాకుండుట మేలు. టేకు దొరకని యింట నల్లతుమ్మకాళ్ళు బాగుగా పనికివచ్చును. పలకకు బాగుగా ఆఱిన వేపయైనను చాలును.

ఎత్తు విషయమున ఇతరుల కొలత పనికిరాదు. నిటారుగా నిలిచి చేతులు వ్రేలాడవేసినప్పుడు మణికట్టు ఎచ్చటనుండునో, సామాన్యముగా అచ్చటికి పలక రావలెను. తోపడపనికి కొంచెము తక్కువయైనను, సన్నని చెక్కడమునకు కొంచెము ఎక్కువయైనను మంచిది. మన నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలువాఱును; కావున కాళ్ళక్రింద రాతిపలకలు పఱచి మట్టము చూడవలెను. చెదలకును చెమ్మకును కాళ్ళ అడుగున తారు పూయవలెను. పరీక్ష యొకటే. అంచుదాక నీరు నింపిన గ్లాసును పలకపై నుంచి, బల్లమూలను ఒంటిబరువుతో త్రోయుడు. నీరు తొణకినచో బల్ల యింకను బల్ల కాలేదు.

ఇంత శ్రమ యేల, డబ్బిచ్చిన అన్నియు దొరకునుగదా యందురేమో. ఈ సీమవారమే అట్లు అనరాదు. 1864 నవంబరు 1వ తేది రాత్రి సముద్రము బందరుమీదికి వచ్చి ఇంచుమించు ముప్పదివేల ప్రాణములను తీసికొనిపోయెను. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన మరల వేలకొలది జనులను మ్రింగెను. అట్టి దినముల తరువాత మిగిలినవారికి ముందుగా కావలసినవి తలుపు, దూలము, పడవ, మంచము. వానిని చేయగలవాడే అప్పుడు పెద్దమనిషి. ఆనాడు మాత్రము వడ్రంగిని గౌరవించి, ఏడాది తిరుగకమునుపే మరల వసారాలో నేలమీద కూర్చుండబెట్టుట కృతజ్ఞత కాదు.

ఇంటిలో బల్ల వేసినంతమాత్రమున వడ్రంగితో మనకు పని తీరదు. తీరవలెననియు నా అభిప్రాయము కాదు. స్వయముగా ఒక్క కుసిని సరిగా కోయుటకు పదిమార్లు తంటాలుపడినవాడు, మరునాడు వడ్రంగి కూలిని బేరమాడుటకు సిగ్గుపడును. అతనికి కుర్చీ వేసి, "అయ్యా, ఇది యెట్లు చేసినారో చూపింపుడు" అని యడుగును. ఆ ప్రశ్నలోనే సంస్కరణ మున్నది. ఆ బల్లముందు కుమారుని నిలిపినట్లే కుమార్తెను గూడ నిలుపుడు. ఉలికి ఆడ మగ భేదము తెలియదు. మన యింటికి వచ్చిన ప్రతివానికి పీట వేయుట మన మర్యాద. వేలయేండ్లుగా మన గడపయొద్ద నిలిచియున్న పనికి ఇప్పటికైనను ఒక పీట వేయుదము.