చర్ఖీ దాద్రీ గగనతల ప్రమాదం: కారణాలు, తదనంతర చర్యలు

1996 నవంబరు 12వ తేదీ సాయంత్రం 6.40 గంటల ప్రాంతంలో, ఢిల్లీకి పశ్చిమంగా సుమారు 100 కిలోమీటర్ల దూరాన హర్యానాలోని చర్ఖీ దాద్రీ పట్టణ సమీపంలో రెండు విమానాలు ఆకాశంలో ఢీకొని, వాటిలోని 349 మందీ దుర్మరణం పాలయ్యారు. గగనతలంలో విమానాలు ఢీకొన్న ప్రమాదాలలో ఇంతటి ప్రాణనష్టం ప్రపంచంలో మరెక్కడా సంభవించలేదు.

సౌదీ అరేబియా ఎయిర్‌లైన్స్‌కు చెందిన బోయింగ్ 747 విమానం 312 మందితో ఢిల్లీ నుంచి దహ్రాన్‌కు బయలుదేరింది. గల్ఫ్ దేశాలలో ఉపాధికై వెళ్తున్న భారతీయులు వారిలో అనేకులు. కజకిస్థాన్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన ఇల్యూషిన్-76 విమానం 37 మందితో షిమ్‌కెంట్ నుంచి ఢిల్లీకి దిగివస్తున్నది. సౌదీ విమానాన్ని 14,000 అడుగుల ఎత్తులోను, కజక్ విమానాన్ని 15,000 అడుగుల ఎత్తులోను ఉండవలసిందిగా కంట్రోలరు ఆదేశించారు. ఎదురుగా సౌదీ విమానం వస్తున్నదని కజక్ సిబ్బందికి ముందుగానే తెలియజేశారు.

ఈ ప్రమాదంపై విచారణకు జస్టిస్ ఆర్.సి.లహోటీ కమిషన్‌ను కేంద్ర ప్రభుత్వం నియమించింది. కేటాయించిన ఎత్తును అతిక్రమించి కజక్ విమానం 14,000 అడుగుల స్థాయికి దిగిపోవడమే ప్రమాదానికి మూలకారణమని 1997లో సమర్పించిన నివేదికలో కమిషన్ నిర్ధారించింది. కంట్రోలరుతో ఆంగ్లంలో మాట్లాడినది ఆ విమానపు రేడియో ఆపరేటరు. ఎత్తును చూపే పరికరమేదీ అతని ఎదుట లేదు. పైలట్ల భుజాల మీదుగా తొంగిచూడవలసిందే. 15,000 అడుగులకు చేరినట్లు తెలియజేసిన సమయానికి విమానం ఇంకా దిగుతూనే ఉన్నది. సిబ్బందికి ఆంగ్లభాషా పరిజ్ఞానం, పరస్పర సమన్వయం కొరవడినట్లు కూడా కమిషన్ గుర్తించింది.

కంట్రోలరు తన ఆదేశం అమలవుతున్నదీ లేనిదీ స్వయంగా చూసుకునే వీలు లేకపోవడం గమనార్హం. నాటి ఢిల్లీ రాడార్ విమానం ఉన్న చోటును మాత్రమే చూపేది, ఎత్తును చూపేది కాదు. పైగా గగనతలంలో అధిక భాగం వైమానిక దళం అధీనంలో ఉండినందున, వచ్చే విమానాలకు, పోయే విమానాలకు ఒకటే మార్గం ఉండేది.

ప్రమాదానంతరం రాకపోకల మార్గాలను వేరుచేసి, ఎత్తును కూడా తెలిపే సెకండరీ రాడార్‌ను ఢిల్లీలో నెలకొల్పారు. ఎదురుగా విమానం సమీపించినప్పుడు పైలట్లను నేరుగా హెచ్చరించే టీకాస్ పరికరాన్ని భారత గగనతలంలో ప్రయాణించే పెద్ద విమానాలకు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ తప్పనిసరి చేసింది. ఢీకొన్న రెండు విమానాలలోను ఈ పరికరం లేదు.