చూడకుండా గీసిన దాడి
ఫ్రెండ్స్, స్క్రీన్ మీద ఉన్న ఈ పెయింటింగ్‌ని ఓసారి జూమ్ చేసి చూడండి. కత్తులు ముందుకు చాచి గుర్రాల మీద దూసుకెళ్తున్న కెనడా సైనికులు. 1918 మార్చి 30న ఫ్రాన్స్‌లో, మోరెయ్ అడవి దగ్గర జరిగిన దాడి ఇది. గీసింది ఆల్ఫ్రెడ్ మన్నింగ్స్. ఒక కన్ను కనపడదని బ్రిటిష్ సైన్యం ఆయన్ని తీసుకోలేదు. కెనడా వాళ్లేమో యుద్ధ చిత్రకారుడిగా పెట్టుకున్నారు!

ఈ దాడిని ఆయన కళ్లారా చూడలేదండి. కానీ అంతకు కొన్ని వారాల ముందు ఆ అశ్వదళం మధ్యే ఉండి, వాళ్ల గుర్రాల్ని గీశారు. గుర్రాలు అంత నిజంగా కనిపించేది అందుకే. నాకు ఇబ్బందిగా అనిపించేది ఆ ఊపే. చూస్తుంటే గెలుపు పరుగులా ఉంటుంది. ఎదురుగా ఉన్నవి మాత్రం మెషిన్ గన్లు. ఆ స్క్వాడ్రన్‌లో దాదాపు 70 శాతం మంది చనిపోవడమో, గాయపడటమో జరిగింది. ముందుండి నడిపిన లెఫ్టినెంట్ ఫ్లవర్‌డ్యూ మర్నాడే చనిపోయారు. విక్టోరియా క్రాస్ ఆ తర్వాత ఇచ్చారు.