ఇత్తడి వాద్యం, స్వరకర్త కూలి

పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండు గని కార్మికులు, మిల్లు కార్మికులు ఇత్తడి వాద్యాలతో బ్యాండులు కట్టుకున్నారు. 1853లో మాంచెస్టరు బెల్లెవ్యూ తోటలో వారి పోటీలు మొదలైనాయి. వాద్యం ఉంటే చాలదు, స్వరలిపి కావాలి. అది చాలాకాలం చేతిరాత ప్రతులతోనే నడిచింది. 1875లో లివర్‌పూల్‌లో వెలసిన రైట్ అండ్ రౌండ్ వంటి ప్రచురణ సంస్థలు చందా కట్టిన బ్యాండులకు అచ్చు ప్రతులు అందించాయి.

ధర అందనిచోట దొంగముద్రణ పుడుతుంది. 1900 ప్రాంతంలో లండను వీధుల్లో పియానో పాటల దొంగ ప్రతులు రెండు పెన్నీలకే దొరికేవి. అసలు ప్రతి షిల్లింగు పైమాటే. పేదవాడికి సంగీతం అక్కరలేదా అని ఆ ముద్రాపకులు వాదించారు. 1902, 1906 చట్టాలు వారిని అణచాయి. వారి వాదనలో నిజం లేకపోలేదు. అయితే స్వరకర్త శ్రమకు వారు కట్టిన వెల సున్న.

నేడు స్వరలిపి కంప్యూటరు ద్వారా అమ్ముడవుతున్నది. ఒక్క ప్రతి కొని బ్యాండులోని పాతికమందికీ పంచడం క్షణం పని. కనుక కొనేముందు ఎన్ని ప్రతులకు అనుమతి ఉన్నదో చూడాలి. హోల్‌స్ట్ 1928లో ఇత్తడి బ్యాండుల పోటీకి ‘ఎ మూర్‌సైడ్ సూట్’ రచించి, 1934లో మరణించాడు. బ్రిటన్‌లో ఆ హక్కు 2004తో తీరింది. కాని దానికి నేటివారు కొత్తగా చేసిన అమరికకు హక్కు వేరే ఉంటుంది.

ధర తగ్గించమని ప్రచురణకర్తను నిలదీయడం న్యాయమే. తన కూలికోసం సమ్మె చేసిన గని కార్మికుడి వారసులు మాత్రం స్వరకర్త కూలి ఎగవేయరాదు.